నీలి బాన, ఇద్దరు శిష్యులు

బందరు రేవుకు ఓడలు వచ్చి అద్దకపు గుడ్డలు ఎత్తుకుపోయే రోజుల్లో, కృష్ణ ఒడ్డున ఒక పల్లెలో ముసలి రంగుపనివాడు ఒకడు ఉండేవాడు. నీలం వెయ్యడంలో ఆయనది తిరుగులేని చెయ్యి. ఆయన దగ్గర ఇద్దరు కుర్రవాళ్లు పని నేర్చుకునేవారు. పెద్దవాడు కోడి కూయకముందే లేచి, చీకటి పడేదాకా నడుం వాల్చకుండా పాటుపడేవాడు. చిన్నవాడు నిదానస్తుడు. గురువు చెయ్యి ఎటు కదిలితే వాడి కన్ను అటు కదిలేది.

నీలి మొక్క ఏపుగా పెరిగి పూతకు వచ్చే వేళకు ముగ్గురూ కొడవళ్లు తీసుకుని చేలోకి వెళ్లేవారు. కోసిన రొట్ట వాడకముందే తెచ్చి తొట్టిలో పరిచేవారు. అది తేలకుండా పైన బరువు పెట్టి, నీళ్లు నింపేవారు. రాత్రంతా నానేసరికి నీళ్లు పసుపుపచ్చగా మారి ఘాటైన వాసన వేసేవి. తెల్లవారాక ఆ నీళ్లను పల్లపు తొట్టిలోకి వదిలి తెడ్లతో బాదేవారు. బాదగా బాదగా నురుగు నీలంగా తిరిగేది, నీలిమందు అడుక్కి దిగేది. దాన్ని వడగట్టి, బిళ్లలు కోసి, నీడన ఆరబెట్టేవారు. రంగు వెయ్యాల్సి వచ్చినప్పుడు ఆ బిళ్లలు నూరి, భూమిలో పాతిన బానల్లో పోసి, సున్నమూ ఉడికించిన తగిరిస గింజలూ కలిపి పులియబెట్టేవారు. బాన పండిందంటే పైన రాగిరంగు తెట్టు కట్టేది. దాని కింద నీళ్లు మాత్రం ఆకుపచ్చగా ఉండేవి.

ముసలాయన ఏ పనైనా చేసి చూపించేవాడే గాని, ఎందుకలా చెయ్యాలో విడమరిచి చెప్పేవాడు కాదు.

ఒకసారి ఆయన పొరుగూరు వెళుతూ, సమానంగా పండిన రెండు బానలు ఇద్దరికీ అప్పగించాడు. చెరొక తెల్లని తాను ఇచ్చి, తిరిగి వచ్చేసరికి ముదురు నీలం వేసి ఉంచమని చెప్పి బయలుదేరాడు.

పెద్దవాడు ఆలోచించాడు. రంగంతా బానలోనే ఉంది గనక గుడ్డ ఎంతసేపు బానలో ఉంటే అంత రంగు పడుతుందని, బయట ఉన్న ప్రతి క్షణమూ దండగేనని లెక్క వేసుకున్నాడు. తానును బానలో ముంచి, పైకి తేలకుండా అదిమిపట్టి, రాత్రింబవళ్లు దాని పక్కనే కూర్చున్నాడు. తిండికి కూడా లేవలేదు.

చిన్నవాడు గురువు చేసినట్టే చేశాడు. తడిపి పిండిన గుడ్డను బానలో మెల్లగా దించి, కాసేపు నీళ్లలోనే మెదిపి, పైకి తీశాడు. తీసినప్పుడు గుడ్డ లేత ఆకుపచ్చగా ఉంది. దండెం మీద పరిచేసరికి చూస్తుండగానే పచ్చదనం అంచుల నుంచి విరిగి, నీలం పొడచూపింది. పచ్చ పూర్తిగా పోయేదాకా ఆగి, మళ్లీ ముంచాడు, మళ్లీ ఆరేశాడు. గుడ్డ బానలో ఉన్న సమయం కంటే దండెం మీద ఉన్న సమయమే ఎక్కువ. అది చూసి పెద్దవాడు, తమ్ముడి లాంటివాడు పని ఎగ్గొట్టి సోమరి అయిపోతున్నాడని బాధపడ్డాడు.

గురువు తిరిగి వచ్చాక ఇద్దరూ తానులు బయటపెట్టారు. పైకి రెండూ నీలంగానే కనిపించాయి. ముసలాయన రెండింటినీ కాలవకు తీసుకుపోయి పారే నీళ్లలో జాడించాడు. పెద్దవాడి గుడ్డ నుంచి రంగు తెరలు తెరలుగా కొట్టుకుపోయింది. చివరికి అక్కడక్కడా మరకలతో వెలిసిన బూడిద నీలం మిగిలింది. చిన్నవాడి గుడ్డ కాసేపటికే తేట నీళ్లు వదిలింది. దాని మీద నీలం నెమలి మెడలా నిలిచింది.

ముసలాయన పెద్దవాణ్ణి ఒక్క మాటా అనలేదు. మరో తెల్ల గుడ్డ చేతికిచ్చి, ఒక్క మునక వేయించి, దండెం దగ్గర నిలబెట్టాడు. ఆకుపచ్చ నీలంగా మారేదాకా వాడికి కళ్లారా చూపించాడు. రంగు పట్టేది గుడ్డ బానలో ఉన్నప్పుడు కాదని, బయటికి వచ్చి గాలి తగిలినప్పుడని వాడికి ఆ రోజు తెలిసింది.

నీతి: చదువైనా, పనితనమైనా గురువు దగ్గర ఉన్నంతసేపూ పచ్చిగానే ఉంటుంది, బయటికి వచ్చి, సొంతంగా ఆలోచించి, నలుగురిలో వాడి చూసుకున్నప్పుడే అది మనిషికి పడుతుంది. పాఠానికీ పాఠానికీ నడుమ పిల్లలకు దొరికే తీరికను సోమరితనమని కొట్టిపారేసి, వాళ్లను రాత్రింబవళ్లు పుస్తకాల్లో అదిమి ఉంచితే, పరీక్షదాకా మెరిసి మొదటి ఉతుకులోనే వెలిసిపోయే చదువే మిగులుతుంది. నేర్పేవాడు ముంచడం ఎంత శ్రద్ధగా తెలుసుకోవాలో, పైకి తీసి ఆరనివ్వడమూ అంతే శ్రద్ధగా తెలుసుకోవాలి.