ఏ గోడ తీద్దాం?



గత మొదటి శుక్రవారం రోగులకు దివ్యసత్ప్రసాదం అందించడానికి సబ్బవరంలో ఒక అపార్టుమెంటుకు వెళ్ళాను. మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటున్న ఒక తల్లి తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. మూడు రోజులుగా జ్వరం. గంజి కాచి ఇచ్చే దిక్కులేదు. భర్త స్టీలుప్లాంటులో పనిచేసిన రోజుల్లో ఉక్కునగరం క్వార్టర్లలో ఇరుగుపొరుగుతో కలిసిమెలిసి బ్రతికిన మనిషి ఆమె. ఎదురింటి గుమ్మం నాలుగు అడుగుల దూరం. వారు చెడ్డవారు కారు. నేను చెప్పగానే పరుగున వచ్చారు. "మాకు తెలీనేదు ఫాదర్ గారూ" అన్నారు. ఆ మాటే వారమంతా నా చెవుల్లో మోగుతోంది.

ఒకే మైదానంలో పక్కపక్కన మేయడం పశువులకు చాలుతుందనీ, మనిషికి కలిసి బ్రతకడమంటే మాటనూ ఆలోచననూ పంచుకోవడమనీ అరిస్టాటిల్ ఏనాడో చెప్పాడు. ఒకే లిఫ్టు, ఒకే బోరు, ఒకే వాచ్‌మన్ ఉన్నంత మాత్రాన మనం కలిసి బ్రతుకుతున్నట్లేనా?

కొన్ని దేశాలలో ఈ ఒంటరితనానికి ఒక మార్గం వెదికారు. దానిని కోహౌసింగ్ అంటారు. ఇది ఉమ్మడి కుటుంబం కాదు. ఎవరి ఇల్లు వారిదే, ఎవరి వంటగది, ఎవరి జమాఖర్చులు వారివే. దానికి తోడు అందరిదీ అయిన ఒక పెద్ద గది, ఒక వంటశాల, వారంలో కొన్ని పూటలు కలిసి భోజనం. ఇందుకు కొత్త భవనమే కట్టనక్కరలేదు. అమెరికాలోని ఓక్లండ్‌లో 1917లో కట్టిన పాత మార్కెట్టు భవనంలో 2000లో ఇరవై ఇళ్ళవారు ఇలా స్థిరపడ్డారు. డేవిస్ పట్టణంలోనైతే 1986లో ఇద్దరు ఇరుగుపొరుగువారు తమ మధ్యనున్న కంచె తీసేశారు. అంతే! తర్వాత పక్కవారూ ఒక్కొక్కరే వచ్చి కలిశారు.

ఇది మన శ్రీసభకు కొత్త విషయమా? ఆదిమ విశ్వాసులు రొట్టె విరిచింది తమ ఇళ్ళలోనే. సిరియాలోని దురా యూరోపోస్‌లో సుమారు 240లో క్రైస్తవులు ఒక మామూలు ఇంటిని ప్రార్థనాలయంగా మార్చారు. అందుకు వారు చేసిన ముఖ్యమైన పని, రెండు గదుల మధ్య గోడ తీసివేయడం! కఫర్నాములో పక్షవాత రోగిని ప్రభువు ముందుకు దించడానికి నలుగురు మనుషులు ఇంటి కప్పునే తెరిచారు. సోదరుని కోసం ఇల్లు మారవలసివస్తే మారాలి. మనుషుల మధ్య విరోధమనే గోడను కూల్చినవాడు క్రీస్తు ప్రభువే అని పునీత పౌలు ఎఫెసీయులకు బోధించాడు కదా!

మీ ఫ్లాటు దస్తావేజు ఒకసారి తీసి చూడండి. 1987 నాటి మన అపార్టుమెంట్ల చట్టం ప్రకారం మెట్లూ, మేడపైభాగమూ విడదీయరాని విధంగా అందరివీ. కాగితం మీద మనం ఎప్పుడో సహవాటాదారులం. బ్రతుకులోనే కాలేదు. కనుక స్తంభాలూ దూలాలూ ముట్టుకోవద్దు, ఇంజనీరునూ మునిసిపాలిటీనీ అడగకుండా ఇటుక కదపవద్దు. మొదట మేడమీది తలుపు తాళం తీయండి. ఖాళీగా ఉన్న ఒక ఫ్లాటును అందరూ కలిసి అద్దెకు తీసుకోండి. కులమూ మతమూ అడగకుండా వారానికి ఒక పూట కలిసి వండుకోండి. ఖర్చు పద్దు గోడమీద అంటించండి. పద్దు దాగితే ప్రేమా దాగుతుంది.

బోధించేవాడు ముందు తన ఇల్లు చూసుకోవాలి. మా గురుగృహం ప్రహరీ మీద గాజుపెంకులున్నాయి. అవి ఈ వారం తీయిస్తున్నాను. వీధివైపు గది ఇకపై ప్రతి సాయంత్రం ఒంటరి పెద్దల కోసం తెరిచి ఉంటుంది. టీ నీళ్ళు నేనే పెడతాను.

ఈ రాత్రి పడుకోబోయే ముందు ఎదురింటి తలుపు ఒకసారి తట్టండి. తెలియలేదన్న మాట కడపటి దినాన ప్రభువు ముందు కూడా చాలా మంది చెబుతారట. మనం ఆ వరుసలో నిలబడకుందుము గాక! ఆమెన్.