చావు లేని హంతకుడు

1980లో వచ్చిన ‘ఫ్రైడే ద థర్టీన్త్’ అమెరికాలో దాదాపు 4 కోట్ల డాలర్లు వసూలు చేసింది. 1989లో వచ్చిన ఎనిమిదో భాగం కోటిన్నర కూడా దాటలేదు. ‘హాలోవీన్’, ‘నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’ ఐదో భాగాలు కూడా అదే ఏడాది చతికిలపడ్డాయి. పదేళ్లలో ఎనిమిదిసార్లు ఒకే వంటకం వడ్డిస్తే మొహం మొత్తదా అన్నారు వ్యాపారం తెలిసినవాళ్లు. నిజమే, కానీ అది సగం జవాబే. మొహం మొత్తింది దేనికి? కత్తికీ నెత్తురుకీ అయితే రెండో భాగానికే మొత్తాలి. పోయినవాడు తిరిగి రాడన్న ఒక్క నమ్మకం మీదే మరణభయం నిలబడుతుంది. ముసుగు హంతకుడు ఒక్కొక్కరినీ వేటాడి చంపే ఈ స్లాషర్ సినిమా ఆ నమ్మకాన్ని తన చేతులతోనే పోగొట్టుకుంది. అసలు జబ్బు అక్కడుందని నా అభిప్రాయం.

1986 నాటి ‘ఫ్రైడే ద థర్టీన్త్’ ఆరో భాగం మొదలే చూడండి. హంతకుడు జేసన్ చచ్చాడంటే మనసొప్పని టామీ అనే కుర్రాడు, శవాన్ని కాల్చేస్తే పీడ వదులుతుందని అర్ధరాత్రి సమాధి తవ్విస్తాడు. పురుగులు పట్టిన కళేబరం కనబడగానే కసి ఆపుకోలేక, కంచెలోంచి ఇనుప ఊచ పీకి గుండెల్లో దించేస్తాడు. ఆ ఊచ మీద పిడుగు పడుతుంది, జేసన్ లేస్తాడు. దహనానికి వెళ్లినవాడే ప్రాణం పోశాడన్నమాట. ఇక అక్కడినుంచి ఏ ఆయుధానికీ అర్థం లేదు. పారిపోతున్న అమ్మాయి బతుకుతుందా అన్న ఆదుర్దా పోయి, ఈసారి ఎలా చంపుతాడన్న కుతూహలం మిగిలింది. 1984లో ‘ఆఖరి అధ్యాయం’ అని పేరు పెట్టి, మరుసటి ఏడాదే ‘కొత్త ఆరంభం’ అన్నవాళ్లకు చావంటే గౌరవం ఎక్కడిది? బ్రిటిష్ తాత్వికుడు బెర్నార్డ్ విలియమ్స్ 1973లో ప్రచురించిన ఒక వ్యాసంలో, చెక్ రచయిత చాపెక్ నాటకంలోని మూడు వందల ఏళ్లు దాటిన గాయనిని తీసుకుని, అంతులేని జీవితం చివరికి భరించలేని విసుగవుతుందని వాదించాడు. ఆయన బతికేవాడి విసుగు గురించి చెప్పాడు. చావనివాణ్ణి చూస్తూ కూర్చునేవాళ్లకూ అదే గతి పడుతుందని ఈ సినిమాలు రుజువు చేశాయి.

మొదటి ‘హాలోవీన్’లోనే హంతకుడు మైకేల్ తూటాలు తిని, మేడ మీంచి పడి, మాయమవుతాడు కదా అనవచ్చు. అక్కడ అది ప్రశ్న. జవాబు తెలియకే ఒళ్లు జలదరిస్తుంది. తర్వాతి భాగాల్లో అదే నిబంధనైపోయింది. ఇంకో ఆక్షేపణ బలమైనది: రామాయణం ఎన్నిసార్లు విన్నా విసుగురాదే, పునరుక్తి తప్పెలా అవుతుంది? ఎన్నిసార్లు చెప్పినా రావణుడు చస్తాడు, అదీ తేడా. జయవిజయులు రాక్షసులై మళ్లీ మళ్లీ పుట్టారన్నా, మూడు జన్మలకే శాపం తీరిపోయింది. మన పురాణాల్లో చెడుకు ఎన్ని వరాలున్నా ఎక్కడో గడువుంది. హాలీవుడ్ తన రాక్షసుడికి గడువు పెట్టడం మరిచింది.

1996లో ‘స్క్రీమ్’ ఈ జాతి సినిమాలకు మళ్లీ ఊపిరి పోసింది. అందులో ముసుగు ఒకటే, దాని వెనకున్నవాళ్లు మాత్రం మామూలు మనుషులు, చివర్లో చచ్చిపోతారు. 2018 ‘హాలోవీన్’ ప్రపంచవ్యాప్త వసూళ్లలో 25 కోట్ల డాలర్లు దాటిందంటే, మొదటి సినిమా తర్వాతి భాగాలేవీ జరగనే లేదని కొట్టిపారేశాకే. 2022లో వచ్చిన ‘హాలోవీన్ ఎండ్స్’లో ఊరు ఊరంతా చూస్తుండగా మైకేల్ శవాన్ని పాత ఇనుమును తుక్కు చేసే యంత్రంలో వేస్తారు. ఆ వరసకు తన హంతకుణ్ణి పూర్తిగా చంపడానికి 44 ఏళ్లు పట్టింది. మరుసటి ఏడాదే ‘హాలోవీన్’ టీవీ హక్కులను మిరామాక్స్ సంస్థ పోటీపడి దక్కించుకుంది.