నాలుగు వందల బక్క ఆవులు

శుశ్రూష అనగానే మనకు రోగి మంచం, పక్కన నర్సు గుర్తొస్తారు. ఆ మాట పుట్టింది మాత్రం చెవి దగ్గర. వినడం అనే అర్థమున్న సంస్కృత ధాతువుకు కోరికను తెలిపే ప్రత్యయం చేరి ఏర్పడిన పదం అది; వినాలనే కోరిక అని దాని తొలి అర్థం. గురువు నోట వినాలనుకున్నవాడు ముందు ఆయన కట్టెలు మోశాడు, పశువులు కాశాడు, అగ్నిహోత్రం ఆరిపోకుండా చూశాడు. పోనుపోనూ కోరిక మరుగున పడి చాకిరీ ఒక్కటే మాటకు అర్థంగా మిగిలింది. చదువులో భాగంగా పనిలోకి వెళ్లే విద్యార్థికి ఇప్పుడు ఎదురయ్యే ప్రమాదం కూడా అదే. టైముకు రావడం, చెప్పింది చేయడం, ఫోను పక్కన పెట్టడం అంటూ అతని బాధ్యతలకు జాబితాలు రాసి ఇస్తుంటారు. అవన్నీ జీతగాడికీ ఉండేవే. విద్యార్థికి మాత్రమే ఉండేది ఒకటుంది: చేస్తున్న పనిలోంచి విద్యను పిండుకోవడం. అది అతని తరఫున కాలేజీ చేసిపెట్టలేదు, కంపెనీ చేసిపెట్టలేదు.

ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయంలో సత్యకామ జాబాలుడి కథ చాలామందికి తెలిసిందే. గోత్రం తెలియదని ఉన్నమాట చెప్పి శిష్యుడయ్యాడన్న దగ్గరే మనం సాధారణంగా కథ ఆపేస్తాం. అసలు చదువు ఆ తర్వాత మొదలవుతుంది. గురువు గౌతముడు పాఠం చెప్పలేదు. నాలుగు వందల బక్కచిక్కిన ఆవులను తోలి, వీటి వెంట వెళ్లమన్నాడు. అవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని అన్నది శిష్యుడే. ఆ లక్ష్యం గురువు పెట్టింది కాదు. ఏళ్లు గడిచి మంద వెయ్యికి చేరాక ఒక ఎద్దు, అగ్ని, హంస, ఒక నీటిపక్షి అతనికి బ్రహ్మం గురించి తలో పాదం చెప్పాయి. తిరిగొచ్చిన వాడి ముఖం చూసి ఎవరు నేర్పారని గురువు అడిగాడు. మనుషులు కారని చెప్పిన సత్యకాముడు, అయినా మీరే చెప్పాలన్నాడు. ఆచార్యుడి ద్వారా తెలిసిన విద్యే నిలుస్తుందని అతని నమ్మకం. అడవికి పోవడం, తిరిగి తరగతికి రావడం, రెండూ కలిస్తేనే అతని చదువు పూర్తయింది.

1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఇంజనీరింగ్ ఆచార్యుడు 27 మంది విద్యార్థులతో మొదలుపెట్టిన సహకార విద్య కూడా ఈ రాకపోకల మీదే నడిచింది: ఒక వారం తరగతి, ఒక వారం ఫ్యాక్టరీ. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయం 1957లో ఆ దారి పట్టింది, మన దగ్గర బిట్స్ పిలానీ ప్రాక్టీస్ స్కూల్ 1973లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి మామూలు డిగ్రీ చదువుకే పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. బీఏ, బీకాం పిల్లలు కూడా ఆవుల వెంట వెళ్లాల్సిందే అన్నమాట.

ఉపనిషత్తులో ఎద్దు మాట్లాడుతుంది గానీ ట్యాలీలో బిల్లులు ఎక్కించే కుర్రాడితో కంప్యూటర్ మాట్లాడుతుందా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రైస్ మిల్లుకు వెళ్లిన బీకాం విద్యార్థిని తీసుకుందాం. కొనుగోలు బిల్లులు ఎక్కించడమే అతనికిచ్చిన పని. నాలుగు రోజుల్లో చేతికొచ్చేస్తుంది, ఐదో రోజునుంచి విసుగు. కానీ ఆ అంకెల్లోనే ఒక చిక్కు ఉంది. వచ్చిన వడ్ల బరువుకూ, పోయిన బియ్యం బరువుకూ పొంతన లేదు. ప్రభుత్వ లెక్కలో క్వింటా వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం రావాలి. మిగతా 33 కిలోలు ఏమయ్యాయి? ఊక ఎంత, తవుడు ఎంత, వాటిని ఎవరు కొంటున్నారు, ఏ ఖాతాలో రాస్తున్నారు? తేమ 17 శాతం దాటితే రైతుకు ఏమవుతుంది, తరుగు పేరుతో కోత పడితే అది పుస్తకంలో ఎక్కడ కనిపిస్తుంది, ఎక్కడ కనిపించదు? కాస్ట్ అకౌంటింగ్ పుస్తకంలో సాధారణ నష్టం అనే అధ్యాయం చదివి పరీక్ష రాసినవాడికి ఇక్కడ ఆ అధ్యాయం ఊక దుమ్ముతో సహా ఎదురవుతుంది. పని మాట్లాడటమంటే ఇదే. అడగనివాడికి అదే బిల్లు పది నెలలైనా బిల్లుగానే ఉంటుంది.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఇంకొకటుంది. నేర్చుకునే భారమంతా విద్యార్థి నెత్తిన పెడితే, పైసా ఇవ్వకుండా చాకిరీ చేయించుకునేవాళ్లకు అది వత్తాసు కాదా? అవుతుంది. ఏకలవ్యుడి బొటనవేలు కథ మన దగ్గర ఊరికే పుట్టలేదు. స్టైపెండ్ అడిగిన పిల్లలకు ఫలం ఆశించకూడదని గీత వినిపించేవాళ్లు కూడా ఉంటారు. ఆ బోధ పని చేసేవాడి మనసుకు గానీ, ఇవ్వాల్సినవాడు ఎగ్గొట్టడానికి కాదు. ఈ ఆక్షేపణను ఉపనిషత్తే ముందుగా ఊహించినట్టుంది. సత్యకాముడి కథ వెంటనే అతని శిష్యుడు ఉపకోసలుడి కథ వస్తుంది. ఆవుల వెంట పోయి చదువుకున్న ఆ సత్యకాముడే, పన్నెండేళ్లు తన అగ్నులను కాచిన కుర్రాడికి పాఠం చెప్పకుండా ఊరెళ్లిపోయాడు, మిగతా శిష్యులకు చదువు ముగించి పంపేసి కూడా. (నేర్చుకున్నవాడు మంచి మెంటార్ అవుతాడన్న హామీ అప్పుడూ లేదు.) ఉపకోసలుడు ఓర్చుకుని ఊరుకోలేదు, అన్నం మానేశాడు. వాడికి చెప్పండని గురుపత్ని అంతకుముందే భర్తను అడిగింది. నిరసనా, మధ్యవర్తీ రెండూ కథలోనే ఉన్నాయి, దేన్నీ తప్పుగా చెప్పలేదు. అడగడం కూడా శుశ్రూషలో భాగమే. పని ఇవ్వకపోతే ఇవ్వలేదని, నేర్పకపోతే నేర్పలేదని కాలేజీకి చెప్పడం విద్యార్థి బాధ్యతల్లోకే వస్తుంది.

అందుకే రోజూ చేసిన పని రాసే లాగ్‌బుక్ విషయంలో నిజాయితీ చిన్న సంగతి కాదు. గోత్రం తెలియదని చెప్పినవాడికి దొరికిన ప్రవేశం, చేయని పనికి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడికి దొరకదు, కాగితం దొరుకుతుంది. ఈరోజు పని లేక కూర్చున్నాను అని రాసిన ఒక్క వాక్యం, నెట్‌లోంచి దించి బైండింగ్ చేయించిన రిపోర్టుకన్నా విలువైన సాక్ష్యం. కానీ దాన్ని చదివేవారు ఉండాలి. ఉపకోసలుడికి చివరికి అగ్నులే జాలిపడి విద్య చెప్పాయి, మిగిలిన దారి ఆచార్యుడు చెబుతాడని ఆపాయి. ఊరినుంచి వచ్చిన సత్యకాముడు శిష్యుడి ముఖం చూసి, ఒకప్పుడు తనను గురువు అడిగిన ప్రశ్నే అడిగాడు: ఎవరు నేర్పారు? కుర్రాడు నసుగుతూ అగ్నుల వైపు చూపాడు. ఏం చెప్పాయని అడిగి, విని, అవి చెప్పకుండా వదిలిన చోటునుంచి పాఠం మొదలుపెట్టాడు. ఇంటర్న్‌షిప్ వైవాలో మన కాలేజీలు ఎక్కువగా చూసేది హాజరు పట్టీ మీద కంపెనీ ముద్ర ఉందా లేదా అని.