సమాన మార్కులు, రెండో స్థానం

వైష్ణవీ,

మార్కులు సమానంగా వచ్చినా నీకు రెండో స్థానమే ఇచ్చారని, ఇది అన్యాయమని రాశావు. ఆ మాట తేల్చేముందు అమీనా సంగతి చూడు. ట్యునీషియాలో పుట్టి ఫ్రాన్స్‌లో పేరు తెచ్చుకున్న గాయని. 1991 మే 4న రోమ్‌లో, యూరోవిజన్ పాటల పోటీలో ఫ్రాన్స్ తరఫున పాడింది. 22 దేశాల పాటల్లో అరబ్బు పోకడలున్న ఆమె పాటదే వేరే దారి. చివరి దేశం మార్కులు చెప్పేసరికి అమీనాకు 146, స్వీడన్ గాయని కరోలాకూ 146. ఇద్దరికీ 12 మార్కులు ఎన్నిసార్లు పడ్డాయో చూశారు, చెరి నాలుగు. 10 మార్కులు చూస్తే కరోలాకు ఐదుసార్లు, అమీనాకు రెండుసార్లు. కరోలా గెలిచింది.

ఈ లెక్క ఆ రాత్రికి రాత్రి కల్పించింది కాదు. 1969లో మాడ్రిడ్‌లో జరిగిన ఇదే పోటీలో నలుగురికి 18 చొప్పున వస్తే, విడదీసే నిబంధన లేక నలుగురినీ విజేతలన్నారు. వాళ్లలో ఫ్రాన్స్ గాయని ఫ్రీడా బొక్కారా ఒకరు. ఆ ఫలితం నచ్చక కొన్ని దేశాలు తప్పుకోవడంతో మరుసటి ఏడు పోటీకొచ్చిన దేశాలు 16 నుంచి 12కు పడిపోయాయి. అందుకే నిబంధన కావలసి వచ్చింది. సమానంగా నిలిచిన ఇద్దరు ఫ్రెంచి గాయనుల్లో ఒకరికి కిరీటం దక్కి, ఒకరికి దక్కకపోవడానికి కారణం గొంతు కాదు, నిబంధన. తర్వాత దాన్నీ మార్చి, ఎన్ని దేశాలు మార్కులు వేశాయన్నది ముందుగా చూడసాగారు. కొందరికి బాగా నచ్చడమా, ఎక్కువమందికి ఎంతోకొంత నచ్చడమా? రెండింటికీ న్యాయముంది. ఎంసెట్ ఇంజినీరింగ్‌లో మార్కులు సమానమైతే గణితం మార్కులు చూసేవారు, అదీ ఇలాంటి ఎంపికే.

అయితే ర్యాంకులన్నీ వట్టివేనా అంటావు. కాదు. మిగతా 20 పాటలకంటే ఆ రెండూ మిన్న అని జ్యూరీలు తేల్చాయి, అది నిజమైన తీర్పు. ఆ ఇద్దరి మధ్య తేడా మాత్రం నిబంధన గీసిన గీత. లోకానికి గెలిచినవాళ్లే గుర్తుంటారంటావా, ఒప్పుకుంటాను. గెలిచి ఉంటే అమీనా పాట ఇంకెందరో వినేవారు, ఆ నష్టాన్ని తక్కువ చేయను. కానీ పోటీకి ముందే 1989లో ఆల్బమ్ తెచ్చిన మనిషి, 1992లో మరొకటి తెచ్చింది.

నువ్వు చేయవలసింది ఒకటే అమ్మా. మీ పోటీ నిబంధనలు తెప్పించుకుని చదువు. సమాన మార్కుల సంగతి ముందే రాసి ఉంటే ఊరుకో. ఫలితం వచ్చాక కల్పించి ఉంటే మాత్రం ఊరుకోవద్దు, నీ పేరు పెట్టి నిర్వాహకులకు ఫిర్యాదు రాయి.

ఇట్లు,
మీ తాతయ్య