దిబ్బ ఎవరిది?



బంగారుపేటలో బండి మారి మారికుప్పం వెళ్ళే పాసింజరు ఎక్కితే, కాసేపటికి బూడిద రంగు గుట్టలు వరుసగా కనిపిస్తాయి. కొత్తవారు వాటిని కొండలనుకుంటారు. అవి దేవుడు చేసిన కొండలు కావు, మనిషి పోసిన దిబ్బలు. అక్కడివారు వాటిని సైనైడు దిబ్బలంటారు. 2018లో వచ్చిన సినిమా తరువాత కె.జి.ఎఫ్. అనే పేరు తెలియనివారు లేరు గాని, అక్కడ మన తెలుగు సంఘాలు మూడు నాలుగు తరాలుగా ఉన్నాయని బయట చాలామందికి తెలియదు.

ఆమధ్య అక్కడ జరిగిన ఒక కూడికకు వెళ్ళాను. భోజనాల దగ్గర ఒక యువకుడు, ఇంజనీరింగు చదివినవాడు, నన్ను అడిగాడు: "అయ్యగారూ, ఈ దిబ్బల్లో మళ్ళీ బంగారం తీస్తారట. ఇప్పుడు దిబ్బ మాదంటే మాదని అందరూ వస్తారు. ఇన్నేళ్ళూ గాలివచ్చినప్పుడల్లా ధూళి మా నీళ్ళకుండల్లో పడుతుంటే, మాది అని ఒక్కరూ రాలేదే! ఇంతకూ ఈ దిబ్బ ఎవరిది?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. అతని పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రం, "గనులు మనకు అన్నం పెట్టాయి నాయనా, వాటిని ఏమీ అనకూడదు" అన్నది. ఆమె భర్త, మామగారు ఇద్దరూ గనిలో దిగినవారే. ఈ రెండు మాటల మధ్య నేను తిరుగు బండి ఎక్కాను. వాటిని గురించే ఈ వ్యాసం.

దిబ్బ ఎట్లా పుట్టిందో ముందు చెప్పుకోవాలి. కోలారు గనులలో బంగారం గడ్డలుగా దొరికేది కాదు. పలుగురాతి చారలలో కంటికి ఆనకుండా కలిసి ఉండేది. భూమిలోపలికి తవ్వుకుంటూ పోయి (చాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్ల పైమాటే) ఆ రాయిని పైకి తెచ్చి, మిల్లుల్లో పిండిచేసి, సోడియం సైనైడు కలిపిన నీళ్ళలో వేసేవారు. బంగారం ఆ నీళ్ళలో కరుగుతుంది. దానిలో జింకు వేస్తే మళ్ళీ విడివడుతుంది. 1887లో గ్లాస్గో నగరపు మెకార్థర్, ఫారెస్టు సోదరులు పేటెంటు పొందిన పద్ధతి ఇది. టన్ను రాయి పిండిచేస్తే చేతికి వచ్చేది గ్రాముల లెక్క, మిగతా టన్నంతా బురదే. ఆ బురదను తీసి ఊరి పక్కనే పోశారు. ఎండినదానిమీద మళ్ళీ పోశారు. అలా నూరేళ్ళు గడిచేసరికి 13 దిబ్బలు, వెయ్యి ఎకరాలు, సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నులు. అంతకాలంలో ఆ గనులిచ్చిన బంగారం దాదాపు 800 టన్నులని లెక్క. అంటే ఒక టన్ను బంగారం వెళ్ళిపోయినప్పుడు నలభై వేల టన్నుల దిబ్బ ఇక్కడ మిగిలింది.

బంగారం ఎక్కడికి వెళ్ళిందో అందరికీ తెలుసు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టినది మొదలు చాలా ఏళ్ళు లాభం లండను వాటాదారులకే చేరింది. ఆ లాభంతోపాటు కొన్ని వైభవాలూ వచ్చాయి. శివసముద్రం నుంచి కరెంటు 1902లోనే గనులకు చేరింది, బెంగుళూరు వీధులకంటె మూడేళ్ళు ముందు! ఇంగ్లీషు బంగళాలను చూసి దానికి చిన్న ఇంగ్లండు అని పేరు కూడా పెట్టారు. ఈ సంగతులు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. కూలీ లైన్లలో ఒకే గదిలో రెండు కుటుంబాలు ఉండేవని చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గిస్తాం. గనులు జోరుగా నడిచిన రోజుల్లో ముప్పై వేలమందికి పైగా పనిచేశారు. ఎక్కువమంది అప్పటి ఉత్తర ఆర్కాడు జిల్లా పల్లెల నుంచి, ఆ చుట్టుపక్కల తెలుగు, తమిళ సీమల నుంచి కరువుకు తాళలేక వచ్చినవారు. ఊళ్ళో అంటరానివారని వెలివేయబడినవారే వారిలో అధికం.

సైనైడు అనే పేరు భయపెడుతుంది గనుక ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సైనైడు ఎండకు, గాలికి కాలక్రమేణా విరిగిపోతుంది. నూరేళ్ళ దిబ్బలో పేరు మిగిలినంతగా విషం మిగలదు. మిగిలేది ధూళి. పలుగురాయిని పిండిగా దంచితే వచ్చే సన్నని ధూళి ఊపిరితిత్తుల లోతుకు పోయి అక్కడే నిలిచిపోతుంది. ఊపిరితిత్తి గట్టిపడుతుంది. దానికి సిలికోసిస్ అని పేరు. పోయిన ఊపిరిని తిరిగి తెచ్చే మందు లేదు, పైగా క్షయ త్వరగా పట్టుకుంటుంది. మన దేశంలో ఈ జబ్బు మొదట బయటపడినది 1947లో కోలారు గని కార్మికులలోనేనని వైద్య విద్యార్థులు నేటికీ చదువుకుంటారు. గనిలోపల ఆ ధూళి పీల్చినవాడు కనీసం కూలి తీసుకున్నాడు. దిబ్బ పక్క ఇంట్లో పుట్టిన బిడ్డకు ఏ కూలీ లేదు.

ఇక అసలు ప్రశ్న. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను తీసుకుంది. 1962లో అవి కేంద్రానికి వెళ్ళాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అనే సంస్థ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇన్నిసార్లు చేతులు మారిన ఆస్తిలో తప్పు ఎవరిదని అడిగితే ప్రతివారూ తమకు ముందువారిని చూపిస్తారు. మొదటివారు బతికి లేరు. తరువాతివారు, మేము వచ్చేసరికే దిబ్బ ఉందంటారు. మూసినవారు, మూసిన తరువాత మా పని ఏముందంటారు. విడివిడిగా చూస్తే ఒక్కొక్కరి మాటా సబబుగానే ఉంటుంది. అన్నీ కలిపితే మాత్రం పెద్ద అబద్ధం తయారవుతుంది.

మన ఇళ్ళలో ఈ చిక్కు ఎట్లా తీరుస్తాం? తండ్రి పోయాడు, రెండెకరాలు మిగిల్చాడు, బాకీ కూడా మిగిల్చాడు. కొడుకు వచ్చి పొలం నాది, బాకీ చేసింది ఆయన గనుక నాకు సంబంధం లేదంటే ఊరు ఊరుకుంటుందా? పొలం వద్దని లేచిపోతే వేరే సంగతి. ఆస్తి చేతులు మారిన ప్రతిసారీ షాఫ్టులు, భూమి, యంత్రాలు, బంగళాలు అన్నీ జాబితా రాసి అప్పగించుకుంటారు. ధూళి ఆ జాబితాలో ఎక్కదు. ఎక్కలేదు గనుక లేదని కాదు గదా.

నిర్గమకాండము 21వ అధ్యాయం చివర ఒక చిన్న చట్టం ఉంది. ప్రసంగాలలో దాన్ని ఎవరూ ఎత్తుకోగా నేను వినలేదు. ఒకడు గొయ్యి తెరిచిగాని, కొత్తగా తవ్విగాని దానిమీద మూత వేయకుండా పోయాడు. ఎవరిదో ఎద్దో గాడిదో అందులో పడి చచ్చింది. అప్పుడు ఆ గోతి యజమాని సొమ్ము చెల్లించాలి, చచ్చిన పశువు అతనిదవుతుంది. ఇంతే చట్టం. చంపాలనే ఉద్దేశం ఉన్నదా అని అది అడగదు. ఎద్దు కళ్ళు తెరుచుకొని నడవలేదేమని అడగదు. మూత వేశావా అని ఒక్కటే అడుగుతుంది. తవ్వినవానితోపాటు తెరిచినవాణ్ణి కూడా అది లెక్కలోకి తెస్తుంది. అంటే ఎవరో ఎప్పుడో తవ్విన పాత గొయ్యినైనా సరే, తన పనికోసం మూత తీసినవాడు దానికి బాధ్యుడు. ఈ రెండో మాటకు కె.జి.ఎఫ్.లో ఇప్పుడు చాలా పని ఉంది. దాని సంగతి చివర చెప్తాను.

మన దేశపు న్యాయస్థానం కూడా ఈ న్యాయానికి 1996లో చేరుకుంది. రాజస్థాన్‌లో ఉదయపూరు దగ్గర బిచ్చ్రి అనే గ్రామంలో రంగుల తయారీకి కావలసిన హెచ్-యాసిడ్ అనే రసాయనం చేసేవారు. చేసిన సరుకంతా విదేశాలకు వెళ్ళేది, విషపు మడ్డి గ్రామంలోనే ఉండేది. ఫ్యాక్టరీ మూతపడినా మడ్డి కదలలేదు. వానలకు భూమిలోకి ఇంకి బావుల నీళ్ళు రంగు మారాయి, తాగడానికీ పొలానికీ పనికిరాకుండా పోయాయి. పాడుచేసినవాడే బాగుచేయించడానికయ్యే ఖర్చంతా భరించాలని సుప్రీంకోర్టు ఆ ఏడాది ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. విని సంతోషించకండి. కంపెనీ ఒక పిటిషను మీద ఇంకొక పిటిషను వేస్తూ పదిహేనేళ్ళు గడిపింది. 2011 జూలైలో కోర్టు విసిగి, 37 కోట్ల 38 లక్షల పైచిలుకు సొమ్మును 1997 నుంచి చక్రవడ్డీతో కట్టమన్నది. చక్రవడ్డీ అనే మాట అక్కడ నాకు నచ్చింది. ఆలస్యం చేసి లాభపడటం కూడా ఒక దొంగతనమేనని కోర్టు గుర్తించింది. అయితే బావి నీళ్ళు తాగలేక ఊరు విడిచినవారికి ఆ వడ్డీ ఏం చేస్తుంది?

ఇప్పుడు ఆ పెద్దావిడ మాటకు రావాలి. అది తీసిపారేయదగిన మాట కాదు. ఊరిలో చెప్పులు చేతబట్టుకొని నడవవలసినవాడికి గని ఒక జీతం ఇచ్చింది, బిడ్డలకు బడి ఇచ్చింది. మన సంఘాలలో టీచర్లు, నర్సులు, పాస్టర్లు అయినవారెందరో ఆ జీతం మీద చదువుకున్నవారే. కృతజ్ఞత ఉండాలి. కాని జీతం దేనికి ఇచ్చారు? చేసిన పనికి ఇచ్చారు. ఆ లెక్క నెలనెలా తీరిపోయింది. మా మనుమల ఊపిరిని కూడా ఈ జీతంలో కలుపుకోండి అని ఏ కార్మికుడూ వేలిముద్ర వేయలేదు. అన్నం పెట్టిన చేతికి మొక్కవచ్చు, ఆ చెయ్యే మన నీళ్ళకుండలో బూడిద పోస్తే వద్దని కూడా చెప్పవచ్చు. రెండూ ఒకే మనిషి చేయగలడు. ఆవిడతో అక్కడే ఈ మాట చెప్పి ఉండవలసింది, చెప్పలేకపోయాను.

చెప్పలేకపోవడానికి ఇంకొక కారణం కూడా ఉంది. మేము ఉండే ఊరి సంఘంలో ఇన్వర్టరు బ్యాటరీలు పాడైపోయాయి. డీలరు పాతవాటికి ఒక ధర చెప్పాడు, పాతసామాన్ల బండివాడు దానికంటె నాలుగు వందలు ఎక్కువ ఇస్తానన్నాడు. కమిటీలో నేనే చేయెత్తి బండివాడికి ఇద్దామన్నాను. దేవుని సొమ్ము ఆదా చేశామని సంతోషించాం కూడా. అటువంటి బ్యాటరీలు తరచుగా ఎక్కడికి పోతాయో తరువాత తెలిసింది. ఊరి చివర రేకుల పాకలో గొడ్డలితో పగలగొట్టి, ఆసిడ్ కాలువలో పారబోసి, సీసపు పలకలను బొగ్గుల మీద కరిగిస్తారు. ఆ పొగలోని సీసం పిల్లల మెదడుకు చేటు. ఎంత కొంచెమైనా మేలు చేసే మోతాదంటూ లేదు. పాతవాటిని డీలరుకే తిరిగి ఇవ్వాలన్న నియమం 2001 నుంచే ఉంది, 2022లో దాని స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. మాకు తెలియదా అంటే, అడగలేదు. మా గోతికి మూత వేసే ఖర్చు నాలుగు వందల రూపాయలు, మేము వేయలేదు. పెద్ద కంపెనీలు కోట్ల కోసం చేసిన పనిని మేము వందల కోసం చేశాం.

తీసివేయడం అనే మాట కూడా మనల్ని మోసగిస్తుంది. చెత్త తీసివేశాం అంటాం, ఎక్కడికి అని అడగం. 1984 విషవాయువు తరువాత భోపాల్ ఫ్యాక్టరీలో మిగిలిపోయిన 337 టన్నుల విషపు చెత్తను 40 ఏళ్ళకు, 2025 జనవరిలో, 12 కంటైనర్లలో పీథంపూర్‌కు తీసుకువెళ్ళారు. పీథంపూర్ ప్రజలు వీధుల్లోకి వచ్చి మా ఊరెందుకని అడిగారు. భోపాల్ వారి గుండెమీద బరువు దిగడం న్యాయమే, పీథంపూర్ వారి భయమూ న్యాయమే. ఆ చెత్తను కొలిమిలో కాల్చినా, బూడిదను పాతిపెట్టడానికి మళ్ళీ ఎవరిదో ఒక ఊరు కావాలి.

ఇక కె.జి.ఎఫ్. యువకుని ప్రశ్న. ఆ 13 దిబ్బలను మళ్ళీ శుద్ధిచేసి బంగారం తీయాలన్న కేంద్రం ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం సమ్మతి ఇచ్చింది. అక్కడి బిడ్డలకు ఉద్యోగాలు వస్తాయన్న ఆశ ఉంది, దాన్ని నేను తేలిక చేయను. గనులు మూతపడిన నాటినుంచి తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కి రాత్రికి ఇల్లు చేరుతున్న తల్లిదండ్రులకు అది చిన్న ఆశ కాదు. అయితే దిబ్బలో టన్నుకు ఒక గ్రాము బంగారం కూడా లేదంటారు. ఆ కొంచెం తీసిన తరువాత మిగిలే టన్ను ఎక్కడికీ పోదు. మళ్ళీ దంచి, మళ్ళీ రసాయనంలో వేసి, ఇంకా మెత్తనైన పొడిగా ఎక్కడో ఒకచోట పోయవలసిందే. పాత గొయ్యి మూత తీయడమంటే ఇదే.

ఇటువంటి పెద్ద గని పనులకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని 2006 నోటిఫికేషను చెప్తుంది. ఆ రోజు వస్తే అక్కడి మన సంఘాలవారు ఆదివారం ఆరాధనకు వచ్చినట్టే కుటుంబాలతో వెళ్ళాలని నా మనవి. అక్కడ అడగవలసినవి కొన్ని ఉన్నాయి. మిగిలిన పొడిని ఏ సర్వే నంబరులో పోస్తారు? దాన్ని దేనితో కప్పుతారు? కప్పడానికి కావలసిన సొమ్మును మొదటి బంగారం అమ్మకముందే పక్కన పెడతారా, ఆఖరి బంగారం అమ్మిన తరువాతా? ఈ ప్రశ్నలు కన్నడంలోను, తమిళంలోను, తెలుగులోను రాసి పంచిపెట్టే పని ఆ యువకుడు తీసుకుంటానన్నాడు. కాగితం, జిరాక్సు ఖర్చుకు మా కమిటీ నాలుగు వందల రూపాయలు పంపింది. అవి ఏ నాలుగు వందలో అతనికి చెప్పాను.