పెట్టినదానిని కాదనవచ్చునా?

మన ఇండ్లలో అతిథి విస్తరి ఖాళీగా కనబడకూడదు. "ఇంకొంచెము వేసుకోండి" అన్న మాట వినకుండా భోజనము ముగించి లేచినవారు అరుదు. వడ్డించే చేతిని అడ్డుకొనుట అమర్యాద అని మన పెద్దలు చిన్ననాడే నేర్పారు. అయితే వైద్యుడు వద్దన్నదానిని తోబుట్టువు ప్రేమతో వడ్డించినప్పుడు ఏది మర్యాద, ఏది ధర్మము? ఈ ప్రశ్న మాకు ఒక దీపావళినాడు భోజనాల బల్ల దగ్గర ఎదురైనది.

అంతకు మూడు నెలల ముందు, సాయంకాలపు తెలుగు తరగతికి పుస్తకాలు పట్టుకొని గుడి మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగిపోయాము. ఊపిరి అందలేదు. జీవితమంతా నల్లబల్ల ముందు నిలబడి పాఠాలు చెప్పిన మేము, పదవీ విరమణ తరువాత కుర్చీకి అతుక్కుపోయాము. దాహమైతే తీపి పానీయమే తాగేవారము. వైద్యుడు రక్తపరీక్ష చేయించి, చక్కెర హద్దు దాటిందని చెప్పారు. మాత్రలు ఇచ్చి, "బరువు తగ్గాలి, రోజూ నడవాలి, సీసాలోని తీపి నీళ్ళు మానాలి" అన్నారు.

దీపావళినాడు మా అక్కయ్య పాయసము గిన్నె మా ముందు పెట్టినది. మేము వద్దన్నాము. ఆమె ముఖము చిన్నబోయినది. "ఒక్క గిన్నెకు ఏమవుతుందిరా తమ్ముడూ? అమ్మ చేసిన పద్ధతిలోనే చేశాను. నా చేతి వంట నీకు చేదైపోయిందా?" అన్నది. మాకు జవాబు తోచలేదు. అప్పుడు చక్రాల కుర్చీలో ఉన్న బావగారు నోరు విప్పారు. మధుమేహము వలన ఆయన కుడి పాదము పోయినది. "వాడిని బలవంతపెట్టకు. నన్ను ఎవరూ ఆపలేదు" అన్నారు. బల్ల చుట్టూ ఎవరమూ మాట్లాడలేదు.

అక్కయ్యది తప్పని మేము అనము. ఆ వడ్డించే చేతి వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1860 నవంబరు 16న మద్రాసు నుండి 'ట్రూరో' ఓడ డర్బన్ రేవు చేరినది. అప్పటినుండి 1911లో ఈ వలస ఆగేవరకు లక్షన్నర మందికి పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా నటాలుకు వచ్చారు. వారిలో చాలామంది చెరకు తోటలకు వెళ్ళారు. మా ముత్తాత, ముత్తవ్వ కూడా అటువంటివారే. బియ్యము, పప్పు, ఎండుచేప, నూనె, ఉప్పు వారికి కొలిచి ఇచ్చేవారు. ఆ కొలత వారి చేతిలో లేదు. పని గంటలు కూడా వారి చేతిలో లేవు. అటువంటివారి పిల్లలకు నిండిన విస్తరి అంటే విడుదల. అందుకే మన ఇండ్లలో ప్రేమను గరిటెతో కొలుస్తాము.

కాని కాలము మారినది. చెరకు నరికినవారి మునిమనుమలకు చక్కెరే జబ్బు అయినది. పొలములో చెమటోడ్చే శ్రమ పోయినది. శ్రమజీవి తినే అన్నపు రాశి మాత్రము మన పళ్ళెములో మిగిలినది. దానికి తోడు 330 మిల్లీలీటర్ల మామూలు కోలా డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉండవచ్చును. అది దాదాపు తొమ్మిది చెంచాలు. మన ప్రభుత్వము 2018 ఏప్రిల్ 1 నుండి ఇటువంటి పానీయాలపై ప్రత్యేకమైన పన్ను వేస్తున్నది. అయినా మన పండుగ బల్లలపై ఆ సీసాలు వరుసగా నిలబడియే ఉన్నవి.

"మన పెద్దలు కష్టపడినది మనము సుఖముగా కూర్చుని తినుటకే కదా" అని కొందరు మాతో వాదించారు. ఆ మాటలో కొంత న్యాయము ఉన్నది. అయితే ఒప్పందము ఉన్నన్నాళ్ళు ఆ పెద్దల శరీరముపై తోట యజమానికే అధికారము. ఎంత తినాలో, ఎంత నడవాలో మరొకరు నిర్ణయించేవారు. నేడు ఆ కొలత మన చేతికి వచ్చినది. దానిని మనము కొలవకుండా వదిలివేస్తే నాలుకకో, అంగడికో అప్పగించినట్లే. అతిగా తినేవానికి గాని, బొత్తిగా తిననివానికి గాని యోగము కుదరదని గీత ఆరవ అధ్యాయము చెప్పుచున్నది. మితము బంధనము కాదు. అది స్వతంత్రుడు తనకు తాను పెట్టుకొనే కొలత.

ఇక్కడ మేము మమ్మల్ని కూడా హెచ్చరించుకోవలెను. నాలుగు కిలోలు తగ్గగానే ఇతరుల పళ్ళెములోకి తొంగిచూచే అహంకారము మాకూ కలిగినది. మధుమేహము పాపఫలము కాదు. వంశము, వయస్సు, పేదరికము, రాత్రి పనులు, నడవడానికి భయపడవలసిన వీధులు, ఇవన్నీ అందులో ఉన్నవి. రోగిని నిందించుట ధర్మము కాదు.

మేము చేసినది చిన్న పని. మొదటి వారము వీధి మలుపు వరకే నడిచాము. ఇప్పుడు రోజుకు 30 నిమిషాల చొప్పున వారానికి ఐదు రోజులు నడుస్తున్నాము. వారానికి రెండుసార్లు చేతులు ఆనించకుండా కుర్చీలోనుండి లేచి కూర్చుంటాము. కాళ్ళకు బలము వచ్చినది. అన్నము తగ్గించి తోటకూర, బీన్స్, పప్పు పెంచాము. పులిహోర మానలేదు, ఒక్క గరిటెతో ఆపుతాము. వయస్సు పెరిగిన కొలది దాహము సరిగా తెలియదు. కనుక నటాలు ఎండాకాలములో దప్పిక కోసము ఎదురుచూడకుండా, నడకకు ముందొక గ్లాసు, తరువాత ఒక గ్లాసు మంచినీళ్ళు తాగుతాము. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత నీరు తాగాలో వైద్యుని అడగవలెను. లంఖణము పరమౌషధమని మనవారు అంటారు గాని, మధుమేహానికి మందులు వాడేవారు వైద్యునితో చెప్పకుండా ఉపవాసము ఉండరాదు.

దీపావళి తరువాతి ఆదివారము అక్కయ్య ఇంటికి మళ్ళీ వెళ్ళాము. పాయసము కోసము కాదని ఆమెకు తెలుసు. బావగారి కుర్చీని తోస్తూ ముగ్గురము డర్బన్ సముద్రతీరపు బాటపై చాలాసేపు తిరిగాము. "ఈ వయసులో నడకేమిటని జనము నవ్వుతారు" అని మొదట అన్న అక్కయ్య, ఇప్పుడు ఆదివారము ఆలస్యమైతే తానే ఫోను చేస్తున్నది. ఈ ఏడు ఆమె పాయసము చిన్న గిన్నెలలో పోసినది. మేము రెండు చెంచాలు తిన్నాము.

కనుక పెట్టినదానిని కాదనవచ్చును, పెట్టినవారిని కాదనరాదు. వద్దన్న తరువాత లేచిపోకుండా వారి పక్కన ఇంకొంతసేపు కూర్చోవలెను.

మా తరగతి పిల్లలకు ఈ నెల ఒక వాక్యము నేర్పాము: "చాలండీ, తృప్తిగా తిన్నాను." తల్లిదండ్రులారా, మీ పిల్లలు భోజనాల దగ్గర ఆ వాక్యము అన్నప్పుడు, దయచేసి గరిటె దించండి. వారి తెలుగును మెచ్చుకోండి.