నియమము – నిర్బంధము

లంఘనము పరమౌషధమను మాట తెలుగువారి యింటింట వినబడునదే. వైద్యుడు పులుపు మానుమన్నచో మానుట, ఉప్పు తగ్గింపుమన్నచో తగ్గించుట తరతరములుగా అలవడిన పథ్యము. అట్టివారే ఆసుపత్రిలో అడుగిడినంతనే నియమములపై విసుగుకొందురు. ఇందులకు కారణమేమి?

పథ్యము ఇంటిలో జరుగును. తల్లియో భార్యయో దగ్గరుండి జరిపించును. ఆసుపత్రి నియమము రోగిని తనవారినుండి వేరుచేయును. కొల్లేటి లంకలనుండి ఏలూరునకో, చుట్టుపట్ల పల్లెలనుండి తాడేపల్లిగూడెమునకో రోగిని తెచ్చునపుడు ఇంటిల్లిపాదియు వెంట వత్తురు. ద్వారము కడ ఒక్కరే లోనికి రావలెనన్నచో అది వారికి అవమానముగా తోచును. శస్త్రచికిత్సకు ముందు నీరు త్రాగరాదనుట క్రూరముగా తోచును. మత్తులో దేహమునకు దగ్గు మొదలగు సహజరక్షణలు అణగియుండును. కడుపులోనిది పైకెగసి ఊపిరితిత్తులలో చేరినచో ప్రాణాపాయము. ఈ మాట విడమరచి చెప్పినచో చాటున నీరు త్రాగువారు తగ్గుదురు. కారణమెరుగని నియమము నిర్బంధమగును.

2020 డిసెంబరు మొదటివారమున ఏలూరు వన్ టౌను ప్రాంతమున జనులు హఠాత్తుగా మూర్ఛిల్లి పడసాగిరి. కొలదిదినములలో 600 మందికి పైగా రోగగ్రస్తులైరి. పెక్కుమంది త్వరలోనే తేరుకొనిరి. తేరుకొనినవాని రక్తము మరల ఎందులకని అడుగుట సహజమే. కాని రోగుల రక్తమును పరీక్షించిన పిమ్మటనే అందు సీసము, నికెలు ఉన్నట్లు ఎయిమ్స్ వైద్యులు తెలుపగలిగిరి. తన రక్తమును ఊరి మేలుకై ఇచ్చుటయు ఒక దాసోహమే గదా!

వీరశైవులకు ఇంతకంటె క్లిష్టమైన ప్రశ్న యొకటి కలదు. దీక్షనాడు గురువనుగ్రహించిన ఇష్టలింగమును దేహమునుండి వేరుచేయరాదు. లింగవియోగమును ప్రాణవియోగముగా నెంచిన సంప్రదాయమిది. శస్త్రచికిత్సాగారపు ముంగిట మెడలోనిది తీసివేయుమన్నచో వృద్ధభక్తుని గుండె తల్లడిల్లుటలో వింత లేదు. అట్టి తరుణమున చికిత్సయే వలదనుట యొక దారి. వస్త్రముల మాటున దాచుట మరియొక దారి. రెండును తగవు. వెండి లింగకాయ ఎక్స్‌రేలో నీడగా పడి రోగమును మరుగుపరుపవచ్చును. విద్యుత్పరికరముతో కోత పెట్టునపుడు లోహము తగిలిన చోట చర్మము కాలవచ్చును. దాచినవాడు వైద్యునే గాక తన్నును వంచించుకొనును.

వైద్యుని అభ్యంతరము లోహమునకును అపరిశుభ్రతకును గాని లింగమునకు గాదు. సిద్ధాంత శిఖామణి లింగధారణకు శిరస్సు, కంఠము, వక్షము, హస్తము మొదలగు స్థానములను చెప్పినది. కావున లింగకాయను తొలగించి, లింగమును శుభ్రవస్త్రమున చుట్టి, కోతకు దూరముగా హస్తమున కట్టుకొనవచ్చునా యని వైద్యుని ముందుగానే అడుగవలెను. అదియు కుదరనిచో దీక్షితుడైన బంధువు కరస్థలమున ఆ కొన్నిగడియలు నిలుపవలెను. ఇష్టలింగముతోపాటు ప్రాణలింగమును భావలింగమును గురువులు బోధించిరి; ఆ రెంటిని ఏ శస్త్రమును తాకజాలదు. శివశరణులు కాయకమును కైలాసముతో సమానము చేసిరి. కాయకమునకు సాధనమైన దేహమును నిలుపుకొనుటకై ఆచారమును ఒకింత సడలించుట వ్రతభంగము కాజాలదు. అయినను ఈ మాట గురువు నోట వినిననే గాని రోగికి ధైర్యము కలుగదు. మఠములు ఈ సందేహమును భక్తులు ఆరోగ్యముగా నున్నపుడే తీర్చుట మేలు. శస్త్రచికిత్స బల్లపై పరుండినవాడు ధర్మవిచారము చేయజాలడు.

ఆసుపత్రివారికిని ఒక ధర్మము కలదు. చేతిగడియారమును తీయుమన్నట్లే లింగమును తీయుమనరాదు. అది యేమని అడిగి, ఎందులకు తీయవలెనో చెప్పి, తీయు పనిని భక్తునికే విడిచినచో పట్టునది నిమిషమే. అంతటి ఆదరము పొందిన రోగి తక్కిన నియమములను కూడ పథ్యమువలె పాటించును.